పళ్ళ సందుల్లో తోమే బుల్లి బ్రష్: మా ఇంట్లో ఏళ్ల తరబడి వాడాక

ఇంటర్‌డెంటల్ బ్రష్ చూడటానికి సీసాలు కడిగే బ్రష్‌ని అగ్గిపుల్ల కన్నా సన్నగా చేసినట్టు ఉంటుంది. ఒక తీగ, దాని చుట్టూ మెత్తటి కుచ్చు, పట్టుకోవడానికి చిన్న పిడి, అంతే. మా ఇంట్లో నేను, మా అత్తమ్మ, పళ్ళకు క్లిప్పులు వేయించుకున్న మా పెద్దబ్బాయి దీన్ని చాలా ఏళ్లుగా వాడుతున్నాం. చిన్నదానికి మాత్రం ఇవ్వలేదు, ఎందుకో కింద రాస్తాను. పళ్ళ కోసం మేం పెట్టిన ఖర్చులన్నిటిలో దీనికి పెట్టిందే బాగా అక్కరకొచ్చింది.

అసలు ఇది ఎందుకంటే, పన్నుకి బయటి వైపు, నాలుక వైపు, నమిలే పైభాగం, ఈ మూడే మామూలు బ్రష్‌కి అందుతాయి. పక్క పన్నుకి ఆనుకునే రెండు వైపులూ అందవు, ఎంత ఖరీదైన బ్రష్ కొన్నా, ఎంతసేపు తోమినా అంతే. అక్కడ నిలిచిపోయిన పాచి గట్టిపడి గార అవుతుంది, ఒకసారి గార కట్టిందంటే ఇక ఇంట్లో ఏం చేసినా ఊడదు, డాక్టర్ దగ్గర స్కేలింగ్ (పరికరంతో గార తీయడం) చేయించుకోవాల్సిందే. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులైపోతాయని మా చుట్టాల్లో చాలామంది ఇప్పటికీ నమ్ముతారు. పళ్ళు వదులయ్యేది చిగురు కింద ఎముక కరిగిపోవడం వల్ల. గార తీసేశాక అప్పటిదాకా కప్పి ఉన్న ఖాళీ బయటపడుతుంది, చల్లటి నీళ్లు తాగితే కొన్నాళ్లు జివ్వుమంటుంది, దాన్ని చూసి భయపడి మళ్లీ అటువైపు వెళ్లరు. దయచేసి అలా మానేయకండి.

కొనేటప్పుడు సైజు దగ్గరే అసలు విషయం ఉంది. నేను ఎక్కువగా వాడింది స్వీడన్ కంపెనీ టెపె వాళ్లది. వాటికి రంగును బట్టి సైజు ఉంటుంది, గులాబీ 0.4 మిల్లీమీటర్లు, ఎరుపు 0.5, నీలం 0.6, పసుపు 0.7, అలా నలుపు 1.5 దాకా. కంపెనీ మారితే రంగుల లెక్క కూడా మారుతుంది కాబట్టి రంగు గుర్తుపెట్టుకుని వేరే రకం కొనకండి. ఒకే నోట్లో కూడా ముందు పళ్ళకి సన్నది, దవడ పళ్ళకి కొంచెం లావుది కావాల్సి రావచ్చు, నాకు అలాగే పడింది. సందులో కుచ్చు కాస్త ఒరుసుకుంటూ వెళ్లాలి గానీ తీగ తగలకూడదు, బలవంతంగా తోయకూడదు. మొదటిసారి డాక్టర్ చేత సైజు చూపించుకుని కొనడం మంచిది.

మొదట్లో రక్తం వస్తుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు, చిగురు గాయపడిందనుకుని ఆ చోటుని వదిలేస్తారు. ఆరోగ్యంగా ఉన్న చిగురు మెల్లగా తోమితే కారదు, వాచి ఉంది కాబట్టే కారుతోంది, అంటే తోమాల్సింది సరిగ్గా అక్కడే. నాకు రోజూ రాత్రి వాడుతుంటే ఒకటి రెండు వారాల్లో తగ్గిపోయింది. తగ్గకపోతే మాత్రం డాక్టర్‌కి చూపించాలి. ఇంకో మాట, చుట్టో సిగరెట్టో తాగేవాళ్లకి రక్తం కారకపోయినా చిగుళ్ళు బాగున్నాయని కాదు, నికోటిన్ రక్తనాళాల్ని కుంచింపజేసి ఆ గుర్తునే దాచేస్తుంది.

చిన్నది కడుపులో ఉన్నప్పుడు నాకు ఈ బ్రష్ విలువ బాగా తెలిసింది. ఆ నెలల్లో హార్మోన్ల వల్ల కొంచెం పాచికే చిగుళ్ళు ఉబ్బిపోతాయి. బిడ్డ నీ పళ్ళలో కాల్షియం లాగేసుకుంటోందని ఇంట్లో పెద్దవాళ్లు అనేవాళ్లు, అది నిజం కాదు, పళ్ళలోంచి కాల్షియం అలా పోదు. వేవిళ్ల వాంతుల్లో వచ్చే యాసిడ్ మాత్రం పంటి పై పొరని దెబ్బతీస్తుంది. అందుకే వాంతి అవగానే తోమకుండా, నీళ్లతో పుక్కిలించి ఒక అరగంట ఆగాలి. పంటి వైద్యం ఏదైనా అవసరమైతే నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్య చేయించుకోవడం సుఖం, కాన్పు అయ్యాక చూద్దామని నొప్పిని భరించక్కర్లేదు.

అత్తమ్మ సంగతి వేరు. ఆవిడకి షుగర్, ఒక పక్క బ్రిడ్జి (ఊడిన పన్ను చోట పక్క పళ్ళ ఆసరాతో బిగించిన కట్టుడు పన్ను) ఉంది, చిగుళ్ళు కిందికి జారి వేర్లు బయటపడ్డాయి. షుగర్ ఎక్కువుంటే చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళలో ఇన్‌ఫెక్షన్ ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టం, రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. బయటపడిన వేరుకి ఎనామిల్ అనే గట్టి పై పొర రక్షణ ఉండదు, త్వరగా పుచ్చుతుంది. పొట్టి పిడి ఆవిడ వేళ్లకి చిక్కేది కాదు, పొడుగు పిడితో వంపు తిరిగిన రకం తెచ్చాక ఇబ్బంది పోయింది, బ్రిడ్జి కింద కూడా అదే దూరుస్తారు. ఇప్పుడు అన్నం తిన్నాక నోటికి వాసన లేదని ఆవిడే చెబుతారు. ఇంట్లో బీపీకి ఆమ్లోడిపిన్ వాడేవాళ్లుంటే ఒకసారి వాళ్ల చిగుళ్ళు చూడండి, కొందరిలో ఆ మందు వల్ల చిగుళ్ళు పెరుగుతాయి. అలాగని మాత్ర మీ అంతట మీరు ఆపకండి, డాక్టర్‌కి చెప్పండి.

పెద్దబ్బాయి క్లిప్పుల తీగ కింద ఇది దూర్చి తోముతాడు. క్లిప్పుల చుట్టూ పాచి నిలిస్తే అవి తీసేశాక పళ్ళ మీద తెల్లమచ్చలు మిగులుతాయి కాబట్టి ఆ వయసులో బతిమాలైనా, తిట్టైనా వాడించాలి.

చిన్నదానికి సందులు బిగుతుగా ఉన్నాయి, ఈ బ్రష్ పట్టదు, ఫ్లాస్ దారమే వాడతాం, అదీ నేనే చేస్తాను. ఆరేళ్ల వయసులో పాల పళ్ళ వెనక కొత్త దవడ పన్ను వస్తుంది, ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి చాలామంది అదీ పాల పన్నే అనుకుని పుచ్చినా పట్టించుకోరు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను.

మాది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు, అందుకే పిల్లలకి ఫ్లోరైడ్ పేస్టు వాడుతున్నానంటే మా వాళ్లకి టెన్షన్. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, ఫ్లోరైడ్ ఎక్కువున్న ఆ బోరు నీళ్లు ఎముకల్ని ఏం చేశాయో కళ్లారా చూసినవాళ్లు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా. మా ఊళ్లలో బోర్లలో అంతకన్నా చాలా ఎక్కువుండేది. హాని చేసింది రోజూ కడుపులోకి వెళ్లిన ఆ నీళ్లు. పేస్టు తోమి ఉమ్మేసేది. మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత, దగ్గరుండి ఉమ్మిస్తే చాలు. మా వైపు పెద్దవాళ్ల పళ్ళ మీద గోధుమరంగు మరకలు చిగురులోపల పన్ను తయారయ్యేటప్పుడే పడ్డవి, మురికి కాదు. వాటిని పోగొట్టాలని బొగ్గుపొడితో, ఇటుకపొడితో రుద్ది రుద్ది పళ్ళు అరగదీసుకున్నవాళ్లని ఎంతమందినో చూశాను, చాలా బాధనిపిస్తుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. తీగ వంగిపోతుంది, ఒకసారి తెప్పించిన చౌక రకం అయితే వారం తిరక్కుండానే విరిగింది. కడుక్కుని కొన్ని రోజులు వాడుకోవచ్చు గానీ కుచ్చు రాలగానే పారేయాలి, ఆ ప్లాస్టిక్ చెత్త నాకు నచ్చదు. మా ఊరి మెడికల్ షాపుల్లో దొరకదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే. అందుకే మటన్ తిన్నాక పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టి పొడుచుకునే అలవాటు ఇంకా పోలేదు. ఊరికి వెళ్లినప్పుడల్లా సన్నవీ లావువీ కలిపి నాలుగు ప్యాకెట్లు పట్టుకెళ్లి, వాడే తీరు చూపించి ఇచ్చి వస్తున్నాను.