బడ్డీ కేబుల్: నేర్చుకున్నప్పుడూ నేర్పుతున్నప్పుడూ

రేడియో కంట్రోల్ విమానం ఎగరేయడం నేను బడ్డీ కేబుల్‌తోనే నేర్చుకున్నాను. ఇప్పుడు క్లబ్‌కు కొత్తగా వచ్చేవారికి దానితోనే నేర్పుతున్నాను. రెండు కొసలూ పట్టుకుని చూసినవాడిగా నా అభిప్రాయం ఇది: కేబుల్ విమానాన్ని కాపాడుతుంది, అందులో అనుమానం లేదు. విద్యార్థికి విద్య అబ్బుతుందా లేదా అన్నది మాత్రం శిక్షకుడి వేలు తేలుస్తుంది.

తెలియనివారి కోసం కొంచెం చెబుతాను. రెండు ట్రాన్స్‌మిటర్లను ఒక తీగతో కలుపుతారు. విమానానికి సంకేతాలు వెళ్లేది శిక్షకుడి ట్రాన్స్‌మిటర్ నుంచే. దాని మీద స్ప్రింగు స్విచ్ ఒకటి ఉంటుంది. దాన్ని లాగి పట్టుకున్నంతసేపూ విద్యార్థి స్టిక్కులు (విమానాన్ని నడిపే మీటలు) పనిచేస్తాయి, వదలగానే పెత్తనం వెనక్కి వచ్చేస్తుంది. అంటే వేలు జారినా విమానం చేరేది అనుభవం ఉన్న చేతికే. సగం మార్కులు ఈ ఒక్క ఏర్పాటుకే ఇచ్చేస్తాను. ఇంకో మేలు కూడా ఉంది. విమానం శక్తిని పెంచి తగ్గించే థ్రాటిల్ ఎడమ చేతిలో ఉండే అమరికలో, అంటే మోడ్ 2లో నేను ఎగరేస్తాను. అది కుడి చేతిలో ఉండే మోడ్ 1 అలవాటైనవారు వచ్చినా కేబుల్‌కు అభ్యంతరం లేదు.

చిరాకు పెట్టేది ట్రిమ్‌ల వ్యవహారం, అంటే స్టిక్ వదిలినప్పుడు విమానం సూటిగా సాగేలా చేసుకునే చిన్న సర్దుబాట్లు. పాత తరహా సెట్లలో విద్యార్థి ట్రాన్స్‌మిటర్ ట్రిమ్‌లు, దిశలు శిక్షకుడి వాటితో కలవకపోతే స్విచ్ లాగిన మరుక్షణం విమానం ముక్కు కిందికి వాలుతుంది, లేదా ఒక పక్కకు ఒరుగుతుంది. పాపం, విద్యార్థి అది తన తప్పే అనుకుంటాడు. అందుకే నేల మీదే స్విచ్ లాగుతూ వదులుతూ ఎయిలరాన్ (పక్కకు వాల్చేది), ఎలివేటర్ (ముక్కును ఎత్తి దించేది), రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పేది), థ్రాటిల్ ఒక్కొక్కటే చూసుకోవాలి. తటస్థంగా ఉన్న ఏ భాగమూ స్విచ్ మారినప్పుడు కదలకూడదు. కొత్త సెట్లలో విద్యార్థి స్టిక్కుల కదలికను మాత్రమే తీసుకుని మిగతా అమరికంతా శిక్షకుడి ట్రాన్స్‌మిటరే చూసుకుంటుంది. థ్రాటిల్ మన దగ్గరే ఉంచుకుని ఎయిలరాన్, ఎలివేటర్ మాత్రం ఇచ్చే వీలూ చాలావాటిలో ఉంది. మొదటి వారాల్లో నేను ఎక్కువగా వాడేది అదే.

ఇక వేలి సంగతి. విమానం మనకు ఎదురుగా వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారైనట్టు కనిపిస్తాయి. స్టిక్‌ను కుడికి నెడితే విమానం తన కుడికే తిరుగుతుంది గానీ, అది మన ఎడమ. ఏ రెక్క వాలిందో స్టిక్‌ను ఆ వైపుకే నెట్టమని చెబుతాం. చెప్పడం సులువే, కానీ బుర్ర దాన్ని ఒప్పుకోవడానికి సమయం పడుతుంది. సరిగ్గా ఆ తికమకలోనే శిక్షకుడు కంగారుపడి స్విచ్ వదిలేస్తే విద్యార్థి దిద్దుకునే అవకాశం పోతుంది. రెక్క పైన ఉండి, రెండు కొసలూ కొద్దిగా పైకి లేచి ఉండే ట్రైనర్ విమానం తగినంత ఎత్తులో ఉంటే, స్టిక్కులు వదిలేసినా చాలావరకు తానే సర్దుకుంటుంది. కాబట్టి ఒకసారి తప్పి, సరిదిద్దుకుని, మళ్లీ తప్పినా నేల తగలనంత ఎత్తుకు తీసుకెళ్లి ఓపిక పట్టాలి. “ఇంకా మీ దగ్గరే ఉందండీ, చూడండి” అని నోటితో చెబుతూ వేలిని కదలనివ్వకపోవడమే అసలు పని.

కిందికి వచ్చాక ఈ ఓపిక పనికిరాదు. దిగే ముందు చివరి మలుపులో విమానం ఎత్తు కోల్పోతోందని విద్యార్థి ఎలివేటర్‌ను ఇంకా లాగుతాడు. అసలే తక్కువగా ఉన్న వేగం మరింత పడిపోయి విమానం స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు దాన్ని మోయలేకపోతాయి, ఒక రెక్క ఒక్కసారిగా కూలుతుంది. కోలుకోవడానికి ఎత్తు మిగలదు. అక్కడ నేను క్షణం కూడా ఆగను. స్విచ్ వదిలి, ముందు ముక్కు దించి వేగం తెచ్చుకుంటాను. తీసుకున్నప్పుడు “తీసుకున్నాను” అని పైకి అనాలి. అనకపోతే తన స్టిక్కే పనిచేసిందని అతను నమ్ముతాడు. స్టిక్ తాకితే చాలు, నియంత్రణ శిక్షకుడికి వచ్చేసే సదుపాయం కొన్ని సెట్లలో ఉంది గానీ, నాకు నచ్చలేదు. బొటనవేలు పొరపాటున తగిలినా విమానం చేతులు మారిపోతుంది, ఎవరు ఎగరేస్తున్నారో ఇద్దరికీ తెలియదు.

విమానం ఒరుగును పసిగట్టి తానే దిద్దే గైరో ఉన్న ట్రైనర్లు వచ్చాక కేబుల్ ఎందుకని అడిగేవారున్నారు. తానే సమం చేసుకునే మోడ్‌లో స్టిక్ ఎంత నెడితే విమానం అంత కోణంలో వాలి ఆగుతుంది, వదిలితే సమం అవుతుంది. గైరో లేనప్పుడు స్టిక్ చెప్పేది ఎంత వేగంగా దొర్లాలో మాత్రమే. స్టిక్‌ను మధ్యకు తెచ్చినా వాలు వెంటనే పోదు, ఎదురు స్టిక్ ఇచ్చి (వాలిన వైపుకు వ్యతిరేకంగా నెట్టి) లేపాలి. గైరోతోనే నెలల తరబడి ఎగరేసి మా దగ్గరకు వచ్చినవారికి ఈ ఎదురు స్టిక్ అలవాటు చేయడం, ఏమీ తెలియనివారికి నేర్పడం కంటే కష్టమైంది. గైరోను ఆపద మీటగా ఉంచుకోండి, గురువును చేయకండి. సిమ్యులేటర్ మాత్రం నిస్సంకోచంగా వాడండి, ఎదురుగా వచ్చే విమానం తికమక చాలావరకు అక్కడే తీరుతుంది.

వైర్‌లెస్ జత కూడా వాడాను. తీగ చిక్కుపడదు, విమానంతో పాటు ఒళ్లు తిప్పే విద్యార్థికి హాయి. అయినా నేను తీగ వైపే. తీగ ఉంటే భుజం భుజం ఆనించి నిలబడక తప్పదు, కంటి కొసకు అతని బొటనవేళ్లు కనిపిస్తాయి. విమానం వాలకముందే తప్పు అక్కడ తెలిసిపోతుంది.

కొనేవారు జాక్ (ట్రాన్స్‌మిటర్‌లో గుచ్చే తీగ కొస) చూసుకుని కొనండి, కంపెనీకో రకం ఉంటుంది. వాడేకొద్దీ ముందుగా వదులయ్యేదీ జాకే. నేల మీద పరీక్షించేటప్పుడు దాన్ని వేలితో కదిపి చూడండి. రెక్క మీద భాగాలు ఒక్కసారి అదిరినా టేపు చుట్టి సరిపెట్టుకోకుండా కేబుల్ మార్చేయండి.