జవాబు గోడమీద ఉన్నంతకాలం: ఫోన్ ఎస్కేప్ గేమ్‌లతో రెండేళ్లు

పనిమీద ఏడెనిమిదిసార్లు వెళ్లొచ్చిన ఊరది. ప్రతిసారీ ఆ పాత భవనం ముందునుంచే నడిచాను, దానిమీదున్న పెద్ద గడియారంలో టైం కూడా చూసుకున్నాను. అయినా ఆ గడియారాన్ని నేనెప్పుడూ చూడలేదని రెండేళ్ల కిందట తెలిసింది. ఫోన్లో ఆడే అవుట్‌డోర్ ఎస్కేప్ గేమ్, అంటే ఫోన్ అడిగే పజిళ్లు విప్పుకుంటూ ఊళ్లో ఒక చోటునుంచి ఇంకో చోటికి నడిచే ఆట, మొదటిసారి ఆడుతూ తమ్ముడూ నేనూ అక్కడికొచ్చాం. "ఇక్కడ ఒక అంకెను మీరు బళ్లో నేర్చుకున్నట్టు రాయలేదు" అని స్క్రీన్‌మీద వచ్చింది. తలుపుమీది నంబరు చూశాం, గోడకున్న శిలాఫలకం చదివాం, పక్కనున్న దీపస్తంభం చుట్టూ తిరిగాం. పది నిమిషాలయ్యాక వాడు నా భుజం పట్టుకుని ఊపేస్తూ "అక్కా, పైన!" అన్నాడు. రోమన్ అంకెల గడియారం. నాలుగు దగ్గర ‘వి’ ఆకారం, దాని ముందు ఒక గీత ఉండాలి కదా. అక్కడ నాలుగు నిలువు గీతలు వరసగా నిలబడి ఉన్నాయి.

పాత గడియారాలు చాలావాటిలో అలాగే రాస్తారట. ఎదురుగా ఉండే ఎనిమిదికీ నాలుగు గుర్తులే కాబట్టి రెండు పక్కలా చూపుకు సమంగా ఉంటుందని చెబుతారు. ఆరోజు నుంచి ఎక్కడ పాత గడియారం కనబడినా నా కళ్లు ముందు ఆ నాలుగు దగ్గరికే పోతాయి.

అప్పటినుంచి ఇప్పటికి నాలుగు ఊళ్లలో తొమ్మిది ఆటలు ఆడాను, ఎక్కువ భాగం ఒకే యాప్‌లో. ఎంతసేపు పడుతుంది, ఎన్ని కిలోమీటర్లు నడవాలి, ఎలా మొదలుపెట్టాలి లాంటివి ఏ యాప్ పేజీలోనైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను. నాకు ఈ ఆటలో పిచ్చి ఇష్టం ఉన్నది ఒక్కదానిమీదే: జవాబు ఫోన్లో ఉండదు, ఊళ్లో ఉంటుంది. ఫోన్ ప్రశ్న మాత్రమే అడుగుతుంది. జవాబు ఒక గోడమీదో, గేటు ఊచల్లోనో, మెట్ల లెక్కలోనో ఉంటుంది. ఇంట్లో మంచంమీద కూర్చుని తేల్చేయగలిగిన పజిల్ అయితే అది ఆ ఊరి పజిల్ కాదని నా లెక్క.

తేడా ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. సీజర్ సంకేతం తెలుసు కదా, ప్రతి అక్షరాన్నీ ఒకే లెక్కన, ఉదాహరణకి మూడు స్థానాలు, ముందుకు జరిపి రాయడం. ఒక ఆటలో ఆ సంకేతమూ స్క్రీన్‌మీదే, ఎన్ని స్థానాలు జరపాలో కూడా స్క్రీన్‌మీదే ఇచ్చారు. మేం ఒక అందమైన కూడలి మధ్య నిలబడి, కూడలిని చూడకుండా పావుగంట తలొంచుకుని అక్షరాలు లెక్కపెట్టుకున్నాం. ఇంకో ఆటలో అదే సంకేతం. కానీ ఎన్ని స్థానాలు జరపాలో చెప్పలేదు, "నీళ్ల దగ్గరికి ఎన్ని మెట్లు దిగాలి?" అని అడిగారు. దిగాం. ఏడు మెట్లు. చివరి మెట్టు సగం నీళ్లలో ఉంది, దాన్ని లెక్కపెట్టాలా వద్దా అని వాదించుకున్నాం. వంగి చూస్తే ఆ మెట్టు అంచున నీటిమట్టం గుర్తులు కనబడ్డాయి, ఏ ఏడాది నీళ్లు ఎంతవరకు వచ్చాయో. ఆట వాటి గురించి ఏమీ అడగలేదు. మేమే చూశాం. ఇలా అడగనిది కూడా కనబడేలా చేసే ఆటంటేనే నాకు ప్రాణం.

ఇక ఆరో ఆట సంగతి. దాన్ని వివరంగా చెప్పాలి.

ఎనిమిది చోట్లలో ఏడోదాని దగ్గరున్నాం. మూడంకెల తాళం. మొదటి రెండంకెలూ దొరికాయి. మూడోదానికి క్లూ: "ఆమె రోజూ నిలబడే చోట ఇనుప పూలు పూశాయి. తోటివాటితో కలవనివి ఎన్ని?" ఫోన్ మమ్మల్ని ఒక రెండంతస్తుల పాత ఇంటి ముందు నిలబెట్టింది. ఇల్లు ఉంది. కానీ కిందనుంచి పైదాకా పరంజా కట్టేసి, దానిమీద ఆకుపచ్చ వల కప్పేశారు. రిపేర్లు జరుగుతున్నాయి. వల వెనక ఒక బాల్కనీ ఆకారం లీలగా తెలుస్తోంది, అంతే.

హింట్ అడిగాం. మూడు నిమిషాలు పెనాల్టీ వేసి "ఇంకాస్త పైకి చూడండి" అంది. రెండో హింట్‌కి ఇంకో ఐదు నిమిషాలు పోయాయి. "పూలన్నింటికీ రేకులు ఒకే సంఖ్యలో లేవు" అని వచ్చింది. మాకు పూలే కనబడట్లేదు! ఫోన్ కెమెరా జూమ్ చేస్తే వల దారాలే స్పష్టంగా వచ్చాయి. "సున్నా నుంచి తొమ్మిది దాకా వరసగా కొట్టేద్దాం అక్కా" అన్నాడు తమ్ముడు. తప్పు జవాబుకి ఐదు నిమిషాలు పెనాల్టీ. దురదృష్టం బాగుంటే నలభై ఐదు నిమిషాలు పోతాయి. అప్పటిదాకా మా స్కోరు బాగుంది కాబట్టి వాడికి టెన్షన్. నాకైతే ఒళ్లు మండిపోయింది. డబ్బు కట్టి, ఎండలో నడిచొచ్చి, వల ముందు నిలబడి అంకెలు ఊహించుకోవడమేంటి?

అరగంట గడిచింది. ఎదురింటి పైఅంతస్తు కిటికీలోంచి ఒక పెద్దావిడ అంతసేపూ మమ్మల్ని చూస్తూనే ఉన్నట్టుంది.

"ఏం వెతుకుతున్నావమ్మా?" అంది.

"ఆ బాల్కనీ రెయిలింగ్‌లో పూలు మామ్మగారూ. అన్నీ ఒకేలా ఉండవటగా?"

"ఉండవు. కుడిచేతివైపు చివరి మూడూ వేరు. పాతవి తుప్పుపట్టి ఊడిపోతే, నా చిన్నప్పుడు వేరే కమ్మరి చేసిపెట్టాడు. వాటికి ఆరు రేకులు పెట్టేశాడు, పాతవాటికి ఐదే. పొద్దున్న లేస్తే నాకు ఎదురుగా కనబడేవి అవే కదా."

మూడు కొట్టాం. తాళం తెరుచుకుంది. ఆటలో ఒక పెట్టె తెరుచుకున్న బొమ్మ వచ్చింది, తర్వాతి చోటికి బాణం గుర్తు వచ్చింది. ఆ మూడు పూలు ఎందుకు వేరో ఒక్క మాట లేదు. పజిల్ తయారుచేసినవాళ్లు తేడాను పట్టుకున్నారు, దాన్ని ప్రశ్నగా మలిచారు. అంతవరకు మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందో ఆ కిటికీలో ఆవిడకి తెలుసు. ఆ రోజు వల లేకపోయి ఉంటే రెండు నిమిషాల్లో లెక్కపెట్టి, మూడని కొట్టి, బాణం వెంట వెళ్లిపోయేవాళ్లం.

అందుకే పైన నేను అన్నదాన్ని కొంచెం సరిచేసుకోవాలి. జవాబు ఊళ్లో ఉంటే ఊరు కనబడుతుందన్నాను. కనబడుతుంది, నిజమే. కనబడినంత మాత్రాన తెలిసినట్టు కాదు. ఆట చూపించేది అంకె. దాని వెనకున్నది కావాలంటే మనం ఆగి ఎవరినైనా అడగాలి, ఆగితే టైమర్ ఊరుకోదు. ఆరో ఆట తర్వాత స్కోరు పట్టికలో పేరు రాకుండా సెట్టింగ్ మార్చేశాను. పాజ్ బటన్ ఉన్న ఆటలే ఎంచుకుంటున్నాను. తమ్ముడికి ఇది నచ్చలేదు, వాడికి పరుగే ఇష్టం. వాడు స్నేహితులతో వేరేగా ఆడుతున్నాడు, మాయిద్దరికీ ఇప్పుడు అదే బాగుంది.

లొకేషన్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నాకు తెలిసినవాళ్లలో మొదటి ఆటే సగంలో వదిలేసినవాళ్లంతా దానివల్లే వదిలేశారు. ఫోన్ మనం అక్కడికొచ్చామని నమ్మితేనే ప్రశ్న తెరుచుకుంటుంది. ఆకాశం బాగా కనబడే చోట మామూలు ఫోన్ ఐదు మీటర్ల తేడాలో చెప్పగలదు. ఒకప్పుడు మామూలు జనానికిచ్చే జీపీఎస్ సిగ్నల్‌లో అమెరికా కావాలనే పొరపాటు కలిపేది, వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే మొదట్లో దాన్ని ఆపేశారు. ఆపిన ఒకట్రెండు రోజుల్లోనే ఒరెగాన్‌లో ఒకాయన అడవిలో ఒక డబ్బా దాచి, వెతుక్కోమని దాని అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. జియోక్యాషింగ్ అలా పుట్టింది. మనం వీధుల్లో ఆడుతున్న ఈ ఆటలకి అది ఒక పక్క బంధువు. ఇంకో పక్క బంధువు 2007లో జపాన్‌లోని క్యోటోలో మొదలైన, గదిలో పజిళ్లు విప్పి బయటపడే ఎస్కేప్ గేమ్.

ఆ ఐదు మీటర్లు బయటి మైదానంలో సరే. ఇరుకు సందులో రెండు పక్కలా ఎత్తు గోడలుంటే సిగ్నల్ గోడలకి తగిలి తిరిగొస్తుంది, దారి పెరిగినకొద్దీ ఫోన్ లెక్క తప్పుతుంది. మ్యాప్‌లో నీలం చుక్క పక్క వీధిలోకి దూకేస్తుంది. మేం ఒక తలుపుకి చెయ్యి ఆనించి నిలబడితే "ఇంకా 40 మీటర్లు నడవండి" అని చూపించింది. నడిచాం, అప్పుడు 60 అంది. ఇప్పుడు చేసేది ఇదీ: సందు మొదట్లో, ఆకాశం తెరిపిగా ఉన్నచోట ఒక నిమిషం కదలకుండా నిలబడతాను, చుక్క కుదురుకున్నాక మెల్లగా లోపలికి నడుస్తాను. చాలాసార్లు పనిచేస్తుంది. దిక్సూచి చూపించే బాణం తిక్కగా తిరుగుతుంటే ఫోన్‌ని గాల్లో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పాలి, ఇనుప గేటుకీ కారుకీ కాస్త దూరంగా జరిగి తిప్పాలి. రెండు ఫ్రీక్వెన్సీల్లో సిగ్నల్ అందుకునే కొత్త ఫోన్‌తో తమ్ముడు ఇదే సందులో నాకన్నా తక్కువ ఇబ్బంది పడ్డాడు. కాబట్టి ఇది యాప్ తప్పు అని పూర్తిగా అనలేను. కానీ "నేను ఇక్కడే ఉన్నాను" అని నొక్కే బటన్ ఒకటి పెడితే యాప్‌వాళ్ల సొమ్మేం పోతుంది? నేను ఆడిన తొమ్మిదింటిలో అది రెండింటిలోనే ఉంది.

బ్యాటరీ మాటకొస్తే, ఎండలో వెలుతురు పూర్తిగా పెంచితేగానీ స్క్రీన్ కనబడదు, దానికి తోడు లొకేషన్. పవర్ బ్యాంక్ లేకుండా వెళ్లొద్దు. పోలరాయిడ్ చలవ కళ్లద్దాలు పెట్టుకుంటే, కొన్ని ఫోన్లు ఒక కోణంలో పూర్తిగా నల్లగా కనిపిస్తాయి. ఫోన్ చచ్చిపోయిందని కంగారుపడి రెండుసార్లు రీస్టార్ట్ చేశాక గానీ నాకది తట్టలేదు. మనుషుల సంఖ్య ఇద్దరు, మహా అయితే ముగ్గురు. నలుగురికి ఒక్క ఫోన్ అయితే చదివేది ఒకరు, మిగతా ముగ్గురు వాళ్ల వెనక నడుస్తారు.

ఆ వల గురించి యాప్‌వాళ్లకి రాశాను, ఫోటో జతచేసి. పదకొండు రోజులకి జవాబొచ్చింది, క్షమించమన్నారు. తర్వాత ఆ చోటికి తమ దగ్గరున్న పాత బాల్కనీ ఫోటో చేర్చారు. ఇప్పుడు ఆడేవాళ్లకి బొమ్మమీద నొక్కితే పూలు పెద్దవిగా కనబడతాయి, అక్కడే లెక్కపెట్టుకోవచ్చు. ఎవరూ ఇరుక్కుపోకుండా ఉంటారు, అది మంచిదే. నాకు మాత్రం కడుపులో ఏదోలా అయింది. జవాబు గోడ దిగి ఫోన్లోకి వచ్చేసింది.

కొనాలా వద్దా అంటే, నా పరిస్థితి చెబుతాను, మీరే చూసుకోండి. నాకు నడక ఇష్టం, మోకాళ్లు బాగున్నాయి, నెలకో ఆదివారం తీరిక దొరుకుతుంది. వెళ్లే ఊళ్లో ఎవరూ తెలియరు. అలాంటి నాకు ఇది బాగా పనికొచ్చింది. చిన్నపిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు రోడ్డు దాటాల్సిన చోట్లు ఎన్నో ముందే మ్యాప్‌లో చూసుకోండి, ఆట ధ్యాసలో పెద్దవాళ్లకే ట్రాఫిక్ కనబడదు. ఒకసారి ఆడిన ఆట మళ్లీ ఆడలేం కాబట్టి ఒక ఊళ్లో ఉన్న కాసిని ఆటలూ తొందరగా అయిపోతాయి. ఊరికి దగ్గర్లో ఉండేవాళ్లకి గిట్టుబాటు అవుతుందా అంటే గట్టిగా చెప్పలేను. కొనేముందు ఇటీవలి అభిప్రాయాల్లో ఎవరైనా "ఫలానా చోట పని జరుగుతోంది" అని రాశారేమో మాత్రం తప్పక చూడండి. ఊరు మారినంత తొందరగా ఆట మారదు.

పోయిన నెల వేరే పనిమీద ఆ ఊరు వెళ్లి, ఆ ఇంటిదాకా నడిచాను. వల తీసేశారు. బాల్కనీకి కొత్త నల్లరంగు వేశారు, మిలమిలా మెరుస్తోంది. కుడిచేతివైపు చివరిదాకా ఒక్కోదాన్నీ లెక్కపెట్టుకుంటూ చూశాను. అన్నింటికీ ఐదే రేకులు. ఎదురింటి కిటికీ మూసి ఉంది. ఆట తెరిచి చూస్తే ప్రశ్న మారలేదు, జవాబు ఇంకా మూడే.