ఫొటోల్లో అక్షరాలు మార్చడానికి ఏడేళ్లుగా జింప్ వాడుతున్నాను

గుంటూరు అరండల్‌పేటలో మాది చిన్న డీటీపీ షాపు. ఫ్లెక్సీలు, పెళ్లి కార్డులు, బిల్లు బుక్కులు అన్నీ చేస్తాం కానీ రోజూ తప్పకుండా వచ్చే పని మాత్రం ఒకటే: "అన్నా, ఈ ఫొటోలో ఫోన్ నంబరొక్కటి మార్చివ్వు." అసలు డిజైన్ ఫైలు వాళ్ల దగ్గర ఉండదు. ఎప్పుడో ఎవరో చేసిచ్చిన బొమ్మ, వాట్సాప్‌లో పది చేతులు మారి మా దగ్గరికి వస్తుంది. ఒక్క నంబరే కదా అని వాళ్లకు అనిపిస్తుంది. కొత్త నంబరు టైపు చేయడానికి నిజంగానే నిమిషం చాలు. పాతది కనపడకుండా తీసి, కొత్తదాన్ని ఆ ఫొటోలో కలిసిపోయేలా చేయడానికే గంట పడుతుంది. నా అభిప్రాయమంతా ఆ గంట గురించే.

జింప్ అంటే ఫొటోలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్. 2018లో దాని 2.10 వెర్షన్ వచ్చినప్పుడు దానికి మారాను. మొదటి కారణం డబ్బు. ఫొటోషాప్‌లో ఒకసారి కొనుక్కుంటే సరిపోయే పద్ధతి సీఎస్6 వెర్షన్‌తో ఆగిపోయింది, 2013 నుంచి సీసీ పేరుతో కొత్త వెర్షన్లన్నీ అద్దె పద్ధతికి వచ్చాయి. జింప్‌కి పైసా కట్టక్కర్లేదు, దొంగ కాపీ పెట్టుకున్నామన్న భయమూ లేదు. ఇన్నేళ్లు దాన్నే పట్టుకుని ఉండటానికి మాత్రం కారణం తెలుగు.

మా లైనులో ఇప్పటికీ చాలామంది అను ఫాంట్లతో, యాపిల్ కీబోర్డు లేఅవుట్‌తో టైపు చేస్తారు. వేళ్లకు అలవాటైన వేగం అది, తప్పు పట్టను. కానీ అనులో కొట్టిన మ్యాటర్ వేరే సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులుగా మారిపోతుంది. అన్ని సాఫ్ట్‌వేర్లూ ఒకేలా చదివే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, లేదంటే మళ్లీ టైపు చేయాలి. ఫొటోషాప్‌లో యూనికోడ్ తెలుగు వస్తుంది. అయితే పాత సీసీ వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌కి వెళ్లి, టైప్ కింద మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ ఎంచుకోవాలి. ఆ సెట్టింగ్ తెలియనివాళ్లకు 'గుంటూరు' ఎలాగో గడుస్తుంది, 'లక్ష్మీపురం' దగ్గరికి వచ్చేసరికి వత్తులు కిందికి దిగక అక్షరాలు విడివిడిగా నిలబడతాయి. జింప్‌లో ఏ సెట్టింగూ ముట్టుకోకుండానే వత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటాయి. సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చిన రామభద్ర, మండలి, మల్లన్న, గురజాడ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. అవన్నీ దించి పెట్టుకున్నాను. ఫ్లెక్సీ హెడ్డింగుల్లో లావు అక్షరాలకు దగ్గరగా రావాలంటే నేను ముందు రామభద్రనే పెట్టి చూస్తాను.

ఇక పాత అక్షరాలు తీయడం. వాట్సాప్ ఫొటోలుండే జేపెగ్ ఫార్మాట్ బొమ్మను 8 × 8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది. అందుకే అక్షరం చుట్టూ సన్నటి మసక చుక్కలు చేరతాయి. అక్షరం వరకే కొలిచి చెరిపితే ఆ చుక్కలు మిగిలి, పాత నంబరు దెయ్యంలా కనిపిస్తూ ఉంటుంది. నేను అక్షరాన్ని సెలెక్ట్ చేశాక, సెలెక్షన్‌ని గ్రో ఆప్షన్‌తో మూడు నాలుగు పిక్సెళ్లు పెంచుకుంటాను. వెనక రంగు ఒకేలా ఉంటే రంగు నింపేస్తే చాలు. గోడ, గుడ్డ, ఆకాశం లాంటివైతే, వేరేచోటి నుంచి తెచ్చినదాన్ని చుట్టుపక్కల రంగులో కలిపేసే హీల్ టూల్. కంట్రోల్ కీ నొక్కి శుభ్రంగా ఉన్న చోట క్లిక్ చేసి, అక్షరం మీద కొద్దికొద్దిగా రుద్దాలి. గీతలు, అంచులు ఉన్నచోట హీల్ అలికినట్టు చేస్తుంది, అక్కడ ఉన్నదున్నట్టు నకలు వేసే క్లోన్ టూలే మంచిది. ఈ తేడా తెలియక మొదటి ఏడాది చాలా ఫొటోలు పాడుచేసుకున్నాను.

రంగు దగ్గర ఎక్కువమంది తప్పు చేస్తారు. ఫొటోలో నల్లగా కనిపించే అక్షరం అచ్చమైన నలుపు కాదు, ముదురు గోధుమో బూడిదో అయి ఉంటుంది. కలర్ పికర్‌లో శాంపిల్ యావరేజ్ పెట్టి అక్షరం లావుగా ఉన్నచోట నడిమధ్య నుంచి రంగు తీసుకోవాలి. కొత్త అక్షరాలు మరీ పదునుగా ఉన్నా ఇట్టే దొరికిపోతాయి. నేను అర పిక్సెల్ నుంచి ఒక పిక్సెల్ లోపు గాసియన్ బ్లర్‌తో మసక ఇచ్చి, పైన కొంచెం నాయిస్ (సన్నటి గరుకు చుక్కలు) చల్లుతాను. ఈ రెండూ చేశాక ఎక్కడ మార్చానో నాకే వెతుక్కోవాల్సి వస్తుంది.

మిర్చి యార్డు దగ్గర కమిషన్ వ్యాపారం చేసే బాబాయ్ ఒకాయన టిక్కీల (మిర్చి బస్తాల) ఫొటో తెచ్చారు. గోనె మీద 'తేజ' అని మిర్చి రకం పేరు ఉంది, దాన్ని '334' అనే ఇంకో రకంగా మార్చాలి, ఆ రకం సరుకు ప్రకటనకి. గోనె ముడతలు పడి ఉంది, వంకరగా నిలబడి ఉంది. అంకెలు టైపు చేసి, పర్‌స్పెక్టివ్ టూల్‌తో గోనె వాలుకు లాగి, ఆ అంకెల లేయర్ (పొర) మోడ్‌ని మల్టిప్లైకి మార్చగానే గోనె నేత అంకెల్లోంచి కనిపించింది. అచ్చు వేసినట్టే వచ్చింది. ఒక్క మోడ్ మార్పుతో అంత పని అవుతుందని ఆ రోజే తెలిసింది.

ఇబ్బందులూ ఉన్నాయి. 2.10లో టెక్స్ట్ లేయర్‌కి బ్లర్ ఇచ్చినా, తిప్పినా, వంచినా అది బొమ్మ అయిపోతుంది. తర్వాత తేదీ మార్చమంటే మొదటినుంచీ చేయాలి. 2025 మార్చిలో వచ్చిన 3.0లో ఫిల్టర్లు లేయర్ మీద విడిగా ఉంటాయి, ఎప్పుడైనా తీయొచ్చు, మార్చొచ్చు. నాకు చాలా కలిసొచ్చింది. తిప్పడం, వంచడం విషయంలో మాత్రం పాత కథే. అందుకని వంచే ముందు టెక్స్ట్ లేయర్‌కి నకలు తీసి, దాని పక్కనున్న కన్ను గుర్తు నొక్కి కనపడకుండా దాచి పెడతాను. నేరుగా సీఎంవైకేలో (ప్రెస్‌లో వాడే నాలుగు సిరాల రంగుల పద్ధతిలో) పని చేసే మోడ్ లేదు కాబట్టి ఆఫ్‌సెట్ ప్రెస్‌కి వెళ్లే పనికి వేరే దారి చూసుకోవాల్సిందే.

ఏఐ టూల్స్ కూడా ప్రయత్నించాను. వెనక గోడను నింపడంలో అవి నాకంటే వేగం. తెలుగు రాయమంటే మాత్రం నేను వాడినవి లేని వత్తులు పుట్టించాయి. అందుకే తుడవడం ఏఐతో, రాయడం చేత్తో.

మార్కుల మెమో తెచ్చి ఒక్క అంకె మార్చమన్నవాళ్లు ముగ్గురు వచ్చారు. ముగ్గురినీ వెనక్కి పంపాను. అది ఫోర్జరీ, అడిగినవాళ్లకూ చేసినవాళ్లకూ కేసే. అంతకన్నా, ఆ పిల్లల మొహాల్లో టెన్షన్ చూశాక కూర్చోబెట్టి సప్లిమెంటరీ పరీక్షకు ఫీజు కట్టమని చెప్పాను.

ఈ సాఫ్ట్‌వేర్‌తో నేను బాగా ఇష్టపడి చేసిన పని పట్నం బజారు నుంచి వచ్చింది. ఒక పెద్దాయన వాళ్ల నాన్నగారి ఇత్తడి సామాన్ల కొట్టు ఫొటో తెచ్చారు. కొట్టు ఇప్పుడు లేదు. బోర్డు మీద పెయింటరు చేత్తో రాసిన 'గంగాళములు, పళ్ళెములు' అన్న మాటల్లో, తేమ పట్టి 'ళ', 'ము' పోయాయి. ఆ రాతకు సరిపోయే ఫాంట్ ఎక్కడా లేదు. 'ము' పక్క మాటలో ఉంది, తెచ్చి పెట్టాను. 'ళ' కోసం 'ళ్ళె'లోంచి పై అక్షరం కత్తిరించి, ఎత్వం తుడిచి, 'గ' మీది తలకట్టు తెచ్చి అతికించాను. రెండు సాయంత్రాలు పట్టింది.

ప్రింటు చూపిస్తే పెద్దాయన కళ్లద్దాలు పైకి జరిపి చాలాసేపు చూశారు. "బాగుందయ్యా. కానీ ఈ తలకట్టుకి నీడ లేదు. మా పెయింటరు ప్రతి గీతకీ కింద నీడ వేసేవాడు" అన్నారు. దగ్గరగా చూస్తే నిజమే, తలకట్టు కత్తిరించేటప్పుడు నీడ గీత వదిలేశాను. లేయర్లన్నీ విడివిడిగా ఉండే జింప్ ఎక్స్‌సీఎఫ్ ఫైలు అలాగే దాచాను కాబట్టి ఆ లేయరొక్కటే తెరిచి, ఆయన పక్కనే స్టూలు మీద కూర్చుని వేలితో చూపిస్తుంటే, సన్నటి బూడిద రంగు గీత వేశాను. "ఇంకాస్త లావు" అన్నారు. వేశాను. "ఆఁ, ఇదీ మా కొట్టు" అన్నారు.