జంతువుల ఫోటోల నుంచి డిజిటల్ పెయింటింగ్: క్రిటా చాలాకాలం వాడాక

కుక్క ఫోటోనో గిత్త ఫోటోనో ఆయిల్ పెయింటింగ్‌లా మార్చడానికి క్రిటా అనే బొమ్మలేసే సాఫ్ట్‌వేర్ సరిపోతుందా అంటే, నిక్షేపంగా సరిపోతుంది. కాకపోతే పెన్ టాబ్లెట్ ఉండాలి. మౌస్‌కి ఒత్తిడి తెలియదు కాబట్టి వెంట్రుక మొదలూ కొసా ఒకే లావున వస్తాయి, బొచ్చు కాస్తా చీపురుపుల్లల్లా తయారవుతుంది. సాఫ్ట్‌వేర్ వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితం. స్టీమ్, మైక్రోసాఫ్ట్ స్టోర్లలో డబ్బు కట్టాలి, సరుకు మాత్రం అదే. విండోస్, లినక్స్, మ్యాక్‌ల మీద నడుస్తుంది. ఆండ్రాయిడ్‌లో పెద్ద టాబ్లెట్లకే పనికొస్తుంది. ఐప్యాడ్‌కు లేదు.

ముందు ఫోటో సంగతి చూసుకోవాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో వద్దు, డాక్యుమెంట్‌గా పంపమనండి. బాగా కుదించిన జేపెగ్‌లోని 8×8 పిక్సెళ్ల గళ్లు మామూలుగా కంటికి ఆనవు. రంగుల్ని అలికి కలిపే స్మడ్జ్ బ్రష్‌తో లాగగానే మరకలై తేలతాయి. ఫోన్ మూతి దగ్గర పెట్టి తీసిన ఫోటోలో ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోతాయి. రెండు మీటర్లు వెనక్కి జరిగి, జూమ్ చేసి తీసింది కావాలి. ఫ్లాష్‌కి పచ్చగా మెరిసిన కన్ను ఉంటే దాన్ని మొత్తం కొత్తగా వేయాల్సిందే.

16×20 అంగుళాల ప్రింటుకు 250 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు) లెక్కన కాన్వాస్ 4000×5000 పిక్సెళ్లు. నిండుగా రంగున్న ఒక్కో లేయర్ (ఒకదాని మీద ఒకటి పేర్చే పొర) 8 బిట్ రంగుల్లో 80 ఎంబీ, 16 బిట్‌లో 160 ఎంబీ తింటుంది. అయినా ఎక్కువ ఛాయలు పట్టే 16 బిట్టే పెట్టుకోండి. 8 బిట్‌లో పల్చటి రంగుని పదే పదే కలిపితే లేత నీడల్లో చారలు పడతాయి, తెల్ల జంతువుల మీద మరీ ఎక్కువ. ర్యామ్ 8 జీబీయే ఉంటే పూర్తయిన లేయర్లను ఎప్పటికప్పుడు కలిపేయడం తప్ప దారి లేదు.

ఒక్క క్లిక్కుతో పెయింటింగ్ చేసిపెట్టే ఫిల్టర్ల మీద ఆశ పెట్టుకోకండి. క్రిటాలోని ఆయిల్‌పెయింట్ ఫిల్టర్ కంటిపాపనీ వెనకున్న గడ్డినీ ఒకే సైజు మరకలతో నింపుతుంది. మనిషి గీస్తే కన్ను దగ్గర సన్నగా, వీపు మీద వెడల్పుగా గీస్తాడు. ఆ వివేకం ఫిల్టర్‌కు లేదు. ఉన్నవాటిలో పనికొచ్చేది క్రిటాలో వాడుకునే ఫిల్టర్ల మూట జీమిక్ ప్లగిన్‌లోని ‘స్మూత్ అనైసోట్రోపిక్’. అది బొమ్మలోని అంచులు ఏ వైపు సాగుతున్నాయో లెక్కగట్టి ఆ వైపే నునుపు చేస్తుంది కాబట్టి బొచ్చు వాలు చెడదు, పైగా ఫోటో గరుకంతా పోతుంది. దీన్ని అడుగుపొరగా వాడుకుంటే సగం శ్రమ తగ్గుతుంది. ఫైనల్ బొమ్మ అనుకుంటే మాత్రం మోసపోతాం.

అసలు పని కలర్ స్మడ్జ్ బ్రష్‌దే. ‘ఓవర్‌లే’ ఆన్ చేస్తే కింది లేయర్లలోని రంగును కూడా తీసుకుంటుంది. కాబట్టి ఫోటో పైన ఖాళీ లేయర్ పెట్టి దాని మీదే లాగొచ్చు, ఫోటో చెక్కుచెదరదు. పైన రంగులు మార్చే ఫిల్టర్ లేయర్ ఏదైనా ఉంటే ఆపేయండి, లేకపోతే ఆ మార్పు రెండుసార్లు పడుతుంది. ‘కలర్ రేట్’ సున్నా పెడితే ఉన్న రంగుల్నే కలుపుతుంది. 40 శాతం దగ్గర పెడితే మనం ఎంచిన రంగు కూడా దిగుతుంది. ‘స్మియరింగ్’ పద్ధతి గరుకుని ఈడ్చుకెళ్తుంది, ‘డల్లింగ్’ మెత్తగా కలుపుతుంది. బొచ్చుకి మొదటిది, ముక్కుకీ కంటికీ రెండోది. బ్రష్ సెట్టింగుల్లో రొటేషన్‌ని ‘డ్రాయింగ్ యాంగిల్’కి కట్టకపోతే ఎటు గీసినా కుంచె మొన ఒకే వైపు తిరిగి ఉంటుంది. చాలామంది బొచ్చు అతికించినట్టు కనిపించడానికి కారణం ఇదే.

ఈ కాన్వాస్ మీద మొదటి విడత 300 పిక్సెళ్ల బ్రష్‌తో వెలుగు, నీడల ముద్దలే వేయాలి. ఫోటో నకలు మీద, ఛాయల్ని కొన్ని మెట్లకే కుదించే పోస్టరైజ్ ఫిల్టర్‌ని నాలుగైదు మెట్లకు పెట్టి పక్కన ఉంచుకుంటే ఆ ముద్దలు స్పష్టంగా తెలుస్తాయి. రెండో విడత 80 దగ్గర. 5, 6 పిక్సెళ్ల వెంట్రుకలు చివర్లో, అదీ కళ్ల చుట్టూ, చెవి అంచున, వెలుగు నీడలు కలిసే చోట మాత్రమే. ఒళ్లంతా వెంట్రుకలు గీస్తే బొమ్మ మళ్లీ ఫోటోలాగే అవుతుంది, అది కూడా నాసిరకం ఫోటో. కుక్క ముఖం మీద బొచ్చు ముక్కు దగ్గర పొట్టిగా మొదలై, నుదుటి వైపు ఎక్కి, కళ్ల పక్కల నుంచి చెవుల వైపు విడిపోతుంది. ఆ వాలుని ముందే వేరే లేయర్ మీద బాణాలుగా గుర్తుపెట్టుకోండి. వెంట్రుకలు గీసేటప్పుడు గీతలోని వణుకుని సరిచేసే స్టెబిలైజర్ తీసేయాలి, అది విసురుని చంపేస్తుంది. మేక కంటిపాప అడ్డంగా ఉంటుంది. గుండ్రంగా వేసినవాళ్లు ఎందరో!

ఒంగోలు గిత్త మంచి పరీక్ష. తెలుపు కదా అని తెల్లరంగు పూస్తే సున్నం కొట్టిన గోడే మిగులుతుంది. మూపురం, మెడ మీది బూడిద ఛాయే దానికి ఒడ్డూ పొడుగూ ఇచ్చేది. ఎండలో పైభాగపు నీడలు ఆకాశపు నీలం, పొట్ట కిందా గంగడోలు లోపలా నేల ఎరుపు. వెలుగుని 90 శాతం దగ్గర ఆపి, అచ్చమైన తెలుపుని మూపురం మీది ఒకటి రెండు మెరుపులకు దాచుకోండి. గేదెకి దీనికి ఎదురు: ఫోన్ నలుపునంతా ముద్ద చేస్తుంది, తడిసిన వీపు మీద నిజంగా ఉండేది ఆకాశమే.

లోపాలూ ఉన్నాయి. 300 పిక్సెళ్లు దాటిన స్మడ్జ్ బ్రష్ మామూలు ల్యాప్‌టాప్ మీద చెయ్యి వెనకాల నత్తలా వస్తుంది. బ్రష్ స్పేసింగ్ (ముద్రకీ ముద్రకీ మధ్య ఎడం) కాస్త పెంచితే నయం. విండోస్‌లో పెన్ను ఒత్తిడి పనిచేయకపోతే టాబ్లెట్ సెట్టింగుల్లో పెన్నుని గుర్తించే రెండు పద్ధతులైన విన్‌టాబ్, విండోస్ ఇంక్‌లలో ఒకదాని నుంచి మరోదానికి మార్చి, క్రిటాని మూసి మళ్లీ తెరవాలి. ఆటోసేవ్‌ని 5 నిమిషాలకోసారి పెట్టుకోండి.

ప్రింటు స్క్రీన్ కంటే ముదురుగా వస్తుంది. కాన్వాస్ ప్రింటుకి ఇచ్చేముందు ముఖం ఉన్న ముక్కని ఏ4 సైజులో వేయించి చూసి, మధ్య ఛాయల్ని ఆ మేరకు పైకి లేపండి. షాపుకి మామూలు రంగుల పద్ధతి ఎస్ఆర్‌జీబీలో ఎగుమతి చేసిన 8 బిట్ ఫైల్ ఇవ్వండి, లేయర్లున్న కేఆర్ఏ (క్రిటా సొంత) ఫైల్ మీ దగ్గరే ఉంచుకోండి.