"30 రోజుల్లో 1000 ఫ్రేజల్ వెర్బ్స్" మెటీరియల్ కొనేవాళ్లకు జాగ్రత్త

అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ వైపు స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సుతో పాటు "30 రోజుల్లో 1000 ఫ్రేజల్ వెర్బ్స్" అని ఒక స్పైరల్ బైండింగ్ మెటీరియల్ అంటగడుతున్నారు. ఫ్రేజల్ వెర్బ్ అంటే టేక్ ఆఫ్, లుక్ ఆఫ్టర్ లాగా క్రియకు ఆఫ్, ఆఫ్టర్ లాంటి చిన్న మాట చేరి వేరే అర్థం వచ్చేది. అదే సరుకు జిరాక్స్ షాపుల్లోనూ, వాట్సాప్‌లో పీడీఎఫ్‌గానూ తిరుగుతోంది. ఫలానా ఇన్‌స్టిట్యూట్ అని పేరు పెట్టడం లేదు, ఎందుకంటే ఇది ఒక్కచోటి సంగతి కాదు. డబ్బు పోవడం ఒక నష్టమైతే, అందులో ఉన్నది బట్టీపట్టి ఇంటర్వ్యూలో తప్పు వాక్యాలు ధీమాగా మాట్లాడటం అంతకంటే పెద్ద నష్టం.

లోపల ఉండేది ఇంతే: ఎడమవైపు వెర్బ్, కుడివైపు తెలుగులో ఒకే ఒక్క అర్థం. టేక్ ఆఫ్ ఎదురుగా "విమానం ఎగురుట" అని ఉంటుంది. మరి "టేక్ ఆఫ్ యువర్ షూస్" అంటే చెప్పులు, బూట్లు విప్పమని. "హిజ్ బిజినెస్ టుక్ ఆఫ్" అంటే వ్యాపారం పుంజుకుందని. "ఐ టుక్ మండే ఆఫ్" అంటే సోమవారం సెలవు పెట్టానని. ఇవేవీ అందులో ఉండవు. పుట్ ఆఫ్‌కీ కాల్ ఆఫ్‌కీ కలిపి "ఆపుట" అని రాసి ఉంటుంది. పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం, కాల్ ఆఫ్ అంటే రద్దు చేయడం. ఆఫీసు మెయిల్‌లో ఈ రెండూ తారుమారైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కొన్ని పేజీలైతే మనిషి చూడకుండా మెషీన్‌తో అనువాదం చేయించినవే. లుక్ ఆఫ్టర్ అంటే "తర్వాత చూడు" అట! బాగోగులు చూసుకోవడం అనే అర్థం ఎక్కడా లేదు.

వెయ్యి అన్న అంకె కూడా వట్టి ఎర. బ్రిటిష్ ఇంగ్లిష్ రాతలు, మాటలు పోగుచేసిన 10 కోట్ల పదాల బ్రిటిష్ నేషనల్ కార్పస్‌ను పట్టుకుని గార్డ్‌నర్, డేవిస్ అనే పరిశోధకులు 2007లో లెక్క తీశారు. గో, కమ్, టేక్, గెట్ లాంటి 20 వెర్బ్‌లు, అవుట్, అప్, ఆన్ లాంటి 8 పార్టికల్స్‌తో (క్రియ పక్కన చేరే చిన్న మాటలతో) కలిసి వచ్చేవే మొత్తం ఫ్రేజల్ వెర్బ్ వాడకంలో సగానికి పైగా ఉన్నాయి. 2015లో గార్నియె, ష్మిట్ అనే పరిశోధకులు తయారుచేసిన జాబితాలో ఉన్న ఫ్రేజల్ వెర్బ్‌లు 150 మాత్రమే, వాటికి ముఖ్యమైన అర్థాలు 288. అంటే సగటున ఒక్కోదానికి రెండు. వెయ్యికి వెయ్యి అర్థాలు నేర్పే పుస్తకం కంటే, 150 వెర్బ్‌లను ఒక్కోదానికి నాలుగేసి వాక్యాలతో నేర్పే పుస్తకం ఎంతో మేలు.

అసలు లోపం అర్థాల్లో కూడా కాదు, ఆబ్జెక్ట్ (కర్మ) ఎక్కడ పెట్టాలో చెప్పకపోవడంలో ఉంది. "టర్న్ ఆఫ్ ది ఫ్యాన్" అనొచ్చు, "టర్న్ ది ఫ్యాన్ ఆఫ్" అనీ అనొచ్చు. ఫ్యాన్ బదులు "ఇట్" వస్తే మాత్రం "టర్న్ ఇట్ ఆఫ్" ఒక్కటే సరైనది. "టర్న్ ఆఫ్ ఇట్" తప్పు. అలాగని అన్నిటినీ విడదీయకూడదు. "లుక్ ఆఫ్టర్ హర్" సరైనది, "లుక్ హర్ ఆఫ్టర్" అనే వాక్యమే లేదు. కారణం ఏమిటంటే, టర్న్ ఆఫ్‌లో ఆఫ్ క్రియకు అతుక్కున్న పార్టికల్, అందుకే ఆబ్జెక్ట్ మధ్యలోకి దూరగలదు. లుక్ ఆఫ్టర్‌లో ఆఫ్టర్ ప్రిపోజిషన్, తన ఆబ్జెక్ట్ తన వెనకే రావాలి. పలికేటప్పుడూ తేడా తెలుస్తుంది. "టర్న్ ఇట్ ఆఫ్"లో ఒత్తు ఆఫ్ మీద పడుతుంది, లుక్ ఆఫ్టర్ రకానిదే అయిన "లుక్ ఎట్ ఇట్"లో లుక్ మీద పడుతుంది. ఈ రెండు రకాలకూ వేర్వేరు గుర్తులు లేని పుస్తకం దండగ.

మూడు మాటలవి ఇంకా ఘోరం. "లుక్ ఫార్వర్డ్ టు మీట్ యు" అని నమూనా వాక్యంగానే అచ్చువేశారు. అక్కడి "టు" ప్రిపోజిషన్ కాబట్టి "లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు" అనాలి. "కోప్ అప్ విత్" అని ఒక వెర్బ్ కూడా జాబితాలో చేర్చారు. మన దగ్గర అందరూ అంటారు కానీ ప్రామాణిక ఇంగ్లిష్‌లో ఉన్నది "కోప్ విత్" మాత్రమే.

రోజూ వాడేవాటికీ దిక్కులేదు. బస్సు, మెట్రో, రైలు అయితే గెట్ ఆన్, గెట్ ఆఫ్. కారు, ఆటో అయితే గెట్ ఇన్, గెట్ అవుట్ ఆఫ్ (of). "గెట్ ఆఫ్ ఎట్ అమీర్‌పేట అండ్ చేంజ్ టు ది బ్లూ లైన్" అని ఎల్.బి. నగర్ నుంచి రెడ్ లైన్‌లో వచ్చేవాళ్లకు దారి చెప్పొచ్చు. మెటీరియల్‌లో అన్నిటికీ "గెట్ డౌన్" అనే రాశారు. బస్సులో కండక్టర్‌తో పని గడుస్తుంది గానీ విదేశీ క్లయింట్‌తో మాట్లాడేటప్పుడు ఎబ్బెట్టుగా ఉంటుంది. "పాస్ అవుట్" సంగతి మరీ ముఖ్యం. "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2023" అంటే మన కాలేజీల్లో డిగ్రీ పూర్తయిందని. అమెరికావాళ్లకు అది "2023లో స్పృహ తప్పాను" అని వినిపిస్తుంది. "ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2023" అనండి.

కొనేముందు షాపులోనే ఐదు నిమిషాలు కేటాయించండి. టేక్ ఆఫ్, పిక్ అప్, గెట్ ఓవర్, రన్ అవుట్ ఆఫ్ ఉన్న పేజీలు తీయండి. పిక్ అప్‌కి కనీసం రెండు అర్థాలు, "పిక్ మి అప్ ఎట్ సికింద్రాబాద్ స్టేషన్" లాంటి సర్వనామం ఉన్న వాక్యం ఒకటి కనిపించాలి. "వి హావ్ రన్ అవుట్ ఆఫ్ గ్యాస్"లో ఆఫ్ (of) ఎందుకు వచ్చిందో, "ది గ్యాస్ హాజ్ రన్ అవుట్"లో ఎందుకు రాలేదో చూపించాలి. ఆబ్జెక్ట్ ఉంటేనే ఆఫ్ వస్తుందన్న ముక్క ఎక్కడా లేకపోతే పుస్తకం అక్కడే పెట్టేయండి. డెమో క్లాసుకు వెళ్తే టీచర్‌ను ఒక్కటే అడగండి: "పుట్ ఆఫ్ ది మీటింగ్"లో మీటింగ్ బదులు ఇట్ పెడితే ఎలా రాయాలి? "పుట్ ఇట్ ఆఫ్" అని వెంటనే చెప్పి, కారణం కూడా చెప్పగలిగితే మాట్లాడండి.

కోఠిలోనో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో పాత వర్క్‌బుక్ కొనడం ఇంతకంటే చవక, నాణ్యమూ ఎక్కువే. అక్కడ చూసుకోవాల్సింది వేరు. ఎక్సర్‌సైజుల్లో ఎవరైనా పెన్నుతో జవాబులు నింపేశారా, వెనక ఆన్సర్ కీ పేజీలు చిరిగిపోయాయా అని తిరగేయండి. పెన్సిల్ రాతలైతే పర్వాలేదు, చెరిపేయొచ్చు. డిక్షనరీ కోసం విడిగా ఖర్చు పెట్టకండి. పేరున్న లెర్నర్స్ డిక్షనరీలు ఫోన్‌లో ఉచితంగానే చూసుకోవచ్చు. వాటిలో "పుట్ సమ్‌థింగ్ ఆఫ్" అని ఆబ్జెక్ట్ మధ్యలో ఉంటే విడదీయొచ్చని, "లుక్ ఆఫ్టర్ సమ్‌బడీ" అని చివర ఉంటే విడదీయకూడదని అర్థం.

కోర్సులో చేరాలనే అనుకుంటే ఫీజు మొత్తం ఒకేసారి కట్టకండి. రసీదులో మెటీరియల్ ధర, కోర్సు ఫీజు విడివిడిగా రాయించండి. ఎన్ని క్లాసులు, మానేస్తే ఎంత వాపసు అన్నది నోటిమాటగా వదిలేయొద్దు. ఇప్పటికే కట్టి, అడిగినా తిరిగి ఇవ్వనివాళ్లు రసీదు, యాడ్ ఫొటో, వాట్సాప్ మెసేజ్‌లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు.