వర్క్ ఎబిలిటీ ఇండెక్స్ సమీక్ష: మొత్తం మార్కు కంటే ఏడు జవాబులే ముఖ్యం

యాభై దాటిన సిబ్బందిని ఇంకొన్నేళ్లు పనిలో నిలుపుకోవాలనుకునే సంస్థలకు ఆరోగ్య పరీక్షల ప్యాకేజీలు, యోగా తరగతులు, నడుము బెల్టులు అమ్మేవాళ్లకు కొదవ లేదు. వాటిలో ఏది కొనాలన్నా ముందు ఇబ్బంది ఎక్కడుందో తెలియాలి. అందుకు పనికొచ్చే సాధనాల్లో పాతదీ, గట్టిగా పరీక్షకు నిలిచినదీ వర్క్ ఎబిలిటీ ఇండెక్స్, అంటే ఉద్యోగి తన పని సామర్థ్యం గురించి తానే నింపే ప్రశ్నపత్రం. 1980లలో ఫిన్లాండ్ వృత్తి ఆరోగ్య సంస్థలో యుహాని ఇల్మారినెన్, ఆయన సహచరులు దీన్ని రూపొందించారు. 1981లో మునిసిపల్ ఉద్యోగులను ప్రశ్నించడం మొదలుపెట్టి ఏళ్ల తరబడి వాళ్లను గమనించారు. పదకొండేళ్లు గడిచాక చూస్తే, మొదట్లో అట్టడుగు మార్కులు వచ్చినవాళ్లలో సగానికి పైగా వైకల్య పింఛను మీద ఉద్యోగం వదిలేశారు. పది పదిహేను నిమిషాల్లో నింపే ప్రశ్నపత్రం అంత ముందుగా హెచ్చరించడం చిన్న విషయం కాదు.

ప్రశ్నాంశాలు ఏడు, మార్కులు 7 నుంచి 49 దాకా. 27 వరకు బలహీనం, 28–36 ఒక మాదిరి, 37–43 మంచి, 44 నుంచి చాలా మంచి. మొదటి అంశం తేలిగ్గా కనిపిస్తుంది: మీ జీవితంలో పని సామర్థ్యం అత్యుత్తమంగా ఉన్న రోజులకు 10 ఇస్తే ఇప్పుడెంత? ఇక్కడే చాలామంది తడబడతారు. తమ పాత రోజులతో కాకుండా పక్క బల్ల మీది కుర్రాడితో పోల్చుకుంటారు. కాగితం ఇచ్చే మనిషి ఈ ఒక్క మాటా విడమరిచి చెప్పాలి. వివరంగా అడిగే తీరిక లేనిచోట కొందరు ఈ ఒక్క ప్రశ్నతోనే సరిపెడతారు. పరిస్థితి ఎలా ఉందో స్థూలంగా చూడటానికి అది చాలు, కారణం మాత్రం చెప్పదు.

రెండో అంశమే అన్నిటికంటే జాగ్రత్తగా లెక్కించాల్సింది. శారీరక శ్రమకు, మానసిక శ్రమకు తగ్గ సామర్థ్యం ఎంతుందో విడివిడిగా 1 నుంచి 5 దాకా వేసుకోమంటుంది. ఒంటి కష్టం ప్రధానమైన పనికి శారీరక మార్కును 1.5తో, మానసిక మార్కును 0.5తో గుణించాలి. బుర్రకు ప్రధానంగా పని ఉంటే దీనికి తిరగేసి. రెండూ కలిసిన పనికి ఉన్నదున్నట్టు కూడాలి. ఒక మనిషి శారీరకానికి 2, మానసికానికి 5 వేశాడనుకోండి. ఒంటి పని కింద రాస్తే 5.5, కలిసిన పని కింద 7, బుర్ర పని కింద 8.5 వస్తుంది. మనిషి అదే, జవాబులూ అవే, గుమస్తా పెట్టిన టిక్కు వల్ల మూడు మార్కుల తేడా. నర్సు, డ్రైవరు, గిడ్డంగి సూపర్‌వైజరు లాంటి ఉద్యోగాలకు ఈ వర్గాన్ని సర్వే మొదలుకాక ముందే, ఆ పని చేసేవాళ్లను అడిగి ఖాయం చేసుకోవాలి. సగం మార్కులు వస్తాయి కాబట్టి 27.5ను ఎటు చేర్చాలో కూడా ముందే రాసిపెట్టుకోవాలి.

మూడోది డాక్టరు నిర్ధారించిన జబ్బుల లెక్క. ఏ జబ్బూ లేకపోతే 7, ఒకటుంటే 5, అయిదు లేదా అంతకు మించితే 1. ఈ సాధనంలో మాకు బొత్తిగా నచ్చనిది ఇదే. మాత్రతో అదుపులో ఉన్న రక్తపోటుకూ, మెట్లెక్కనివ్వని మోకాలి అరుగుదలకూ ఒకటే కోత. యాభై అయిదేళ్ల మనిషికి ఏదో ఒక జబ్బు ఉండటం సహజం, పోయిన మార్కు మళ్లీ రాదు. అందుకే దీన్ని నాలుగో అంశం పక్కన పెట్టి చదవాలి. ఆ జబ్బు పనికి ఎంత అడ్డొస్తోందని నాలుగోది అడుగుతుంది: అడ్డే లేకపోతే 6, అసలు చేయలేకపోతే 1. ఒకటికి మించి గుర్తులు పెడితే తక్కువ అంకే లెక్క. మూడోది తక్కువగా, నాలుగోది ఎక్కువగా ఉంటే ఆ పని మనిషికి సరిపడినట్టే.

అయిదోది గడిచిన ఏడాది అనారోగ్య సెలవులు: ఒక్కటీ లేకపోతే 5, తొమ్మిది రోజుల వరకు 4, 10–24 అయితే 3, 25–99 అయితే 2, వంద, అంతకు మించితే 1. జీతం కోత భయంతో నొప్పితోనే పనికొచ్చేవాళ్లున్న చోట ఈ అంకె అబద్ధం చెబుతుంది. ఏడోది మనోబలం గురించి, గరిష్ఠం 4 మాత్రమే. అది మరీ తక్కువ.

అసలు విలువంతా ఆరో అంశంలో ఉంది. మీ ఆరోగ్యాన్ని బట్టి చూస్తే రెండేళ్ల తర్వాత ఇదే పని చేయగలరా? చేయలేననుకుంటే 1, చెప్పలేనంటే 4, దాదాపు ఖాయమంటే 7. యంత్రం మీద పనిచేసే 58 ఏళ్ల మనిషిని ఊహించుకోండి. మొదటి అంశానికి 6. శారీరకం 3, మానసికం 4 కాబట్టి రెండోదానికి 6.5, రెండు జబ్బులకు 4, అడ్డంకికి 4, పన్నెండు రోజుల సెలవుకు 3, రెండేళ్ల మాటకు 4, మనోబలానికి 3. మొత్తం 30.5, ఒక మాదిరి. జబ్బులు తగ్గించలేం. కానీ బరువులెత్తడానికి హాయిస్టు పెట్టి, రాత్రి షిఫ్టు తీసేస్తే నాలుగోది 5కు, అయిదోది 4కు, ఆరోది 7కు పెరిగే వీలుంది. అప్పుడు 35.5. వర్గం మారకపోయినా మనిషి పనిలో నిలబడతాడు. మొత్తం మార్కునే చూసే మేనేజరు దీన్ని గమనించడు.

శారీరక దమ్ము ముప్పై దాటాక ఏటా దాదాపు ఒక శాతం చొప్పున తగ్గుతూ పోతుంది. ఎత్తాల్సిన బస్తా బరువు మాత్రం తగ్గదు. వ్యాయామం చేయించి ఆ ఖాళీని కొంతవరకే పూడ్చగలం. మిగతాది పనిలోనే మార్చాలి. ఫిన్లాండ్ పరిశీలనలో కాలక్రమేణా సామర్థ్యం పెరిగినవాళ్ల విషయంలో మూడు మార్పులు కనిపించాయి: పై అధికారి తీరు మెరుగుపడటం, ఒకే రకం కదలికలు తగ్గడం, తీరిక వేళల్లో చెమట పట్టే వ్యాయామం పెరగడం. సంస్థలు మూడోదానికి డబ్బు పెడతాయి కానీ మొదటిదాని జోలికి వెళ్లవు.

ఈ సాధనం చేయలేనిదీ ఉంది. కారణం చెప్పదు. వెలుతురు చాలడం లేదా, తెర మీది అక్షరాలు చిన్నవా, సిమెంటు నేల మీద నిలబడి కాళ్లు పీకుతున్నాయా అన్నది తెలియాలంటే, నాలుగో అంశంలో 3, అంతకంటే తక్కువ వచ్చినవాళ్లతో వాళ్లు పనిచేసే చోటే అరగంట కూర్చోవాలి. ఆ ఏర్పాటు చేయలేని సంస్థ సర్వే మొదలుపెట్టకపోవడమే మేలు. అడిగి ఊరుకుంటే రెండోసారి ఎవరూ నిజం రాయరు.

పేరున్న కాగితం వృత్తి ఆరోగ్య వైద్యుడి దగ్గరే ఉండాలి, మేనేజరుకు విభాగాల వారీ సగటు మాత్రమే వెళ్లాలి. నలుగురే ఉన్న విభాగం సగటు పంపితే పేర్లు పంపినట్టే, దాన్ని పెద్ద విభాగంలో కలపాలి. ఉద్యోగులను తీసేయడానికో, పదోన్నతి ఆపడానికో దీన్ని వాడాలనుకునేవాళ్ల చేతికి ఇది ఇవ్వకూడదు.

రెండోసారి అడగడానికి రెండేళ్ల వ్యవధి సరైనది, ఆరో అంశం అడిగేదీ ఆ రెండేళ్ల గురించే. అదీ మొదటిసారి ఏ నెలలో అడిగారో రెండేళ్ల తర్వాత అదే నెలలో అడగాలి. పని తలకు మించిన కాలంలో ఒకసారి, తీరిక కాలంలో ఒకసారి అడిగితే ఆ పోలిక చెల్లదు.