గైడుకు 114 పౌండ్లు, బస్సుకు 1.75: మార్క్ బోలన్ ఊళ్లో నాలుగు రోజులు

ముందుగా బస సంగతి చెప్పేస్తాను, లేకపోతే నా మనసు కుదుటపడదు. లండన్‌లో హైడ్ పార్క్‌కు ఉత్తరాన ఒక వీధిలో నాలుగు రాత్రులకు గది తీసుకున్నాం. రాత్రికి 129 పౌండ్లు, మొత్తం 516. మేం వెళ్లిన 2024 సెప్టెంబరులో పౌండు 111 రూపాయలు, అంటే 57 వేలు దాటింది. ఇంటర్నెట్‌లో పెట్టిన ఫొటోలో పెద్ద కిటికీ, కిటికీలోంచి చెట్లు. మాకు ఇచ్చింది నేల కింద గది. కిటికీ ఉంది, కాదనను. తెర తీస్తే మూరెడు దూరంలో ఇటుక గోడ, గోడ పక్కన చెత్తడబ్బా. లిఫ్టు పనిచేయదు. కౌంటర్‌లో కుర్రాణ్ణి అడిగితే, "ఫొటో నమూనా మాత్రమే సర్" అన్నాడు. చెల్లించిన డబ్బు కూడా నమూనాయేనా అని అడగాలనుకున్నాను గానీ, ఆ మాట ఇంగ్లీషులో తట్టేసరికి వాడు ఫోను ఎత్తుకున్నాడు. ఉచిత అల్పాహారం అంటే రెండు బ్రెడ్డు ముక్కలు, అగ్గిపెట్టెంత జామ్ డబ్బీ. మా ఆవిడ మొదటి పూటే మాగాయ సీసా తీసింది, నాలుగు రోజులూ అదే కాపాడింది.

ఇంతకూ వెళ్లింది ఎందుకంటే, మార్క్ బోలన్ కోసం. టీ రెక్స్ అనే బ్రిటిష్ రాక్ బృందానికి గాయకుడు, గిటారిస్టు, నాయకుడు అతనే. మా మేనమామ ఓడల్లో రేడియో ఆఫీసరు. డెబ్బైల్లో విశాఖకు సెలవుల్లో వచ్చినప్పుడు టీ రెక్స్ బృందం 1971 నాటి రికార్డు ఒకటి తెచ్చాడు. అట్ట అంతా నలుపు, దాని మీద బంగారు గీతల్లో గిటారు పట్టుకున్న ఉంగరాల జుట్టు కుర్రాడు. పాటలు అర్థం కాకముందే ఆ అట్టకు పడిపోయాను. యాభై ఏళ్ల తరువాత, లండన్‌లో ఎమ్మెస్ చదువుతున్న మా అన్నయ్య కొడుకు రమ్మంటే, రాజభవనం కంటే ముందు బోలన్ చోట్లు చూపించమన్నాను. మా ఆవిడ ఒకటే మాట అంది: "ఇంత దూరం వచ్చి చెట్టు చూడటానికా? మన వీధి చివర రావిచెట్టు లేదా?"

చెట్టు కథ తరువాత. మావాడు ఉత్సాహం కొద్దీ సోహోలో రాక్ సంగీత నడక యాత్ర ఒకటి బుక్ చేశాడు. మనిషికి 38 పౌండ్లు, ముగ్గురికి 114, మన లెక్కలో 12,654 రూపాయలు. బోలన్ పేరు ప్రకటనలో పైనే ఉంది. రెండున్నర గంటల నడకలో ఆ గైడు బోలన్‌కు కేటాయించింది రెండు నిమిషాలు. సెయింట్ ఆన్స్ కోర్ట్ అనే సందులో, ఒకప్పటి ట్రైడెంట్ స్టూడియో ముందు నిలబెట్టి, కళ్ల కింద మెరుపులు అద్దుకుని టీవీలో కనబడ్డాడని చెప్పాడు. అది నిజమే. 1971 మార్చిలో ఆ మెరుపులతోనే గ్లామ్ రాక్, అంటే తళుకు బట్టలు, అలంకరణలతో పాడే రాక్, అన్న వేడుక మొదలైందని చాలామంది లెక్క. ఆ తరువాత, "తాగి కారు నడుపుతూ పోయాడు" అనేసి మరో రాక్ గాయకుడు డేవిడ్ బోవీ కథలోకి దూకాడు. నాకు ఒళ్లు మండింది. బోలన్ రోల్స్ రాయిస్ కొనుక్కున్నాడు గానీ జీవితంలో డ్రైవింగ్ నేర్చుకోలేదు. 1977 సెప్టెంబరు 16 తెల్లవారుజామున కారు నడిపింది అతని సహచరి, గాయని గ్లోరియా జోన్స్. చిన్న మినీ కారు, పక్క సీట్లో అతను. ముప్పయ్యో పుట్టినరోజుకు ఇంకా రెండు వారాలు. ఇదంతా చెబితే గైడు నవ్వి, "మీకు చాలా తెలుసే!" అన్నాడు. తెలియడానికి నేను 38 పౌండ్లు ఇవ్వలేదు, చెప్పడానికి నువ్వు పుచ్చుకున్నావు. "పోనీలే బాబాయ్" అంటూ మావాడు నన్ను పక్కకు లాగాడు. వాడి మొహం చూసి ఊరుకున్నాను.

ఆ గైడు చెప్పని భాగమే అసలు కథ. పైకి ఎక్కడం అందరూ చెబుతారు. 1970 చివర్నుంచి 1973 వేసవి దాకా వరసగా వేసిన పది కొత్త సింగిల్స్, అంటే ఒక్కో పాటకు విడిగా వేసే రికార్డులు, బ్రిటన్ అమ్మకాల జాబితాలో మొదటి అయిదు స్థానాల్లోకి వెళ్లాయి. అందులో నాలుగు మొదటి స్థానం, నాలుగు రెండో స్థానం. 1972 మార్చి 18న వెంబ్లీలో ఒకేరోజు రెండు కచేరీలు చేస్తే, బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ కెమెరాలతో సినిమా తీశాడు. 1973 చివర్లో వచ్చిన పాట పన్నెండో స్థానంలో ఆగింది. ఆ తరువాత బతికుండగా మొదటి పదిలోకి మళ్లీ రాలేదు. అన్ని రికార్డులనూ తీర్చిదిద్దిన నిర్మాత టోనీ విస్కాంటి 1974లో విడిపోయాడు. బ్రాందీ, కొకైన్, పెరిగిన ఒళ్లు, పన్నులు తప్పించుకోవడానికి విదేశాల్లో మకాం. మూడేళ్ల వెలుగు, మూడేళ్ల జారుడు. నాకు మాత్రం చివరి ఏడాదే ఇష్టం. ఒళ్లు తగ్గించి, తన కంటే చిన్నవాళ్లయిన, పంక్ అనే కొత్త మోటు రాక్ వాయించే కుర్రాళ్లను, డామ్డ్ అనే బృందాన్ని, వెంట తీసుకుని ఊళ్లు తిరిగాడు. మాంచెస్టర్‌లో గ్రెనడా టీవీకి ఆరు భాగాల కార్యక్రమం చేశాడు. ఆఖరి భాగంలో బోవీ వచ్చాడు. ఇద్దరూ కలిసి పాట అందుకోగానే బోలన్ కాలుజారి వేదిక మీంచి పడ్డాడు, బోవీ నవ్వేశాడు. తొమ్మిది రోజుల తరువాత ప్రమాదం. ఆ భాగం టీవీలో వచ్చేసరికి అంత్యక్రియలు కూడా అయిపోయాయి.

లండన్‌లోనే స్టోక్ న్యూయింగ్టన్‌లో బోలన్ చిన్నప్పటి ఇంటిని బయటినుంచే చూశాం. లారీ డ్రైవరు కొడుకు, అసలు పేరు మార్క్ ఫెల్డ్. పది నిమిషాలు చాలు.

గోల్డర్స్ గ్రీన్ శ్మశానవాటిక మాత్రం వదలకండి, ప్రవేశం ఉచితం. అంత్యక్రియల నాడు తెల్లని పూలతో చేసిన హంస ఉంచారట, అతని మొదటి పెద్ద పాట హంస మీదే కాబట్టి. మా ఆవిడ గేటు దాకా వచ్చి, "శ్మశానంలోకి నేను రాను" అని బయటే నిలబడింది. తిరిగి వచ్చేసరికి పక్క వీధిలో ఒక యూదుల బేకరీ కనిపెట్టేసింది. బేగెల్ అంటారు, చూడటానికి మన చిల్లుగారెలా ఉంటుంది, ముట్టుకుంటే వేడి, కొరికితే లాగుతుంది. మధ్యకు చీల్చి వెన్నలాంటి మెత్తటి జున్ను పూశారు. ఒక్కోటి 3.20 పౌండ్లు. ఆవిడ రెండు తిని, మూడోది కాగితంలో చుట్టించుకుంది. బోలన్ తండ్రి కూడా యూదుడేనని చెబితే, "అయితే అతనూ ఇవే తిని ఉంటాడు" అంది. మొదటిసారి అతని మీద కాస్త దయ చూపించింది.

ఇక చెట్టు. 22వ నంబరు బస్సు ఎక్కండి, మేం వెళ్లినప్పుడు టికెట్టు 1.75 పౌండ్లు, పై అంతస్తులో ముందు సీటు పట్టండి. కింగ్స్ రోడ్డంతా ఊరేగించి ఆఖరి స్టాపు పట్నీ కామన్‌లో దింపుతుంది. అక్కడినుంచి నడక. క్వీన్స్ రైడ్ రోడ్డు రైలు పట్టాల మీద గూనెలా లేస్తుంది, దిగే చోట, ఆ రాత్రి కారు గుద్దుకున్న సికమోర్ చెట్టు. ఆకులు ఆముదపు ఆకుల్లా వేళ్లు చాచి ఉంటాయి. రోడ్డు మీద నిలబడవద్దు, కార్లు ఆగవు. కిందినుంచి, జిప్సీ లేన్ వైపునుంచి మెట్లు ఎక్కండి.

మేం వెళ్లింది వర్ధంతికి రెండు రోజుల ముందు. 2002లో పెట్టిన కంచు విగ్రహాన్ని డెబ్బై ఏళ్లావిడ ఒకరు తడిగుడ్డతో తుడుస్తోంది, చెవుల వెనక కూడా, చంటిపిల్లాడికి తుడిచినట్టు. చెట్టు నిండా రిబ్బన్లు, పూసల దండలు. బృందంలో అతని తరువాత పోయినవాళ్లకు కూడా మెట్ల దగ్గర ఫలకాలు పెట్టారు. వాళ్లలో బేస్ గిటారు వాయించిన స్టీవ్ కరీ కూడా కారు ప్రమాదంలోనే పోయాడు, 1981లో, పోర్చుగల్‌లో. ఇదంతా చూసుకునేది అభిమానుల సంఘం, టికెట్టు లేదు, గైడు లేడు. ఆవిడ ఫ్లాస్కులో టీ ఉంది, మాకూ పోసింది. వెంబ్లీ కచేరీకి ఇంట్లో అబద్ధం చెప్పి వెళ్లిందట. చివరి రోజుల్లో ఎందుకు వదల్లేదు అని అడిగాను. "లావయ్యాడని మన మనిషిని వదిలేస్తామా?" అంది. మావాడు తెలుగు చేసి చెప్పగానే మా ఆవిడ నా పొట్ట వైపు చూసి గట్టిగా నవ్వింది. కాగితంలో దాచిన బేగెల్ తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

తిరిగి వెళ్లేసరికి, ఖాళీ చేసిన గది తాలూకు రెండు పెట్టెలు మధ్యాహ్నం దాకా ఉంచినందుకు ఒక్కోదానికి 8 పౌండ్లు అడిగారు. ఇచ్చాను. కిటికీ ఫొటో, గోడ ఫొటో పక్కపక్కన పెట్టి రెండుసార్లు ఉత్తరం రాశాను. ఇప్పటిదాకా వచ్చిన జవాబు, మా బసకు ఎన్ని చుక్కలు ఇస్తారు అని.